పొద్దు పొడుగూ, నెల లెక్కా
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



"కార్తీక మాసాన కడవ కడగ పొద్దుండదు" అని మన సామెత. ఆడవాళ్ళ పనినే కొలబద్దగా పెట్టుకుని పొద్దును కొలిచిన సామెత ఇది. చలికాలం వచ్చిందంటే మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఇలా నడుం వాల్చేసరికి అలా దీపాలు పెట్టే వేళ అయిపోతుంది. అదే వేసవిలో అయితే సాయంత్రం ఏడింటికి కూడా డాబా మీద వెలుతురు వుంటుంది. ఈ తేడా మన పనులకే పరిమితమా, లేక మన ఒంట్లో జరిగే నెలసరి లెక్కకు కూడా తగులుతుందా? ఈవేళ నేను మీతో ముచ్చటించదలచుకున్నది ఈ విషయమే.

"ఎండలు ముదిరితే ముందే వచ్చేస్తుందమ్మా", "చలికి వెనకబడిందిలే" అని మనం ఇళ్ళల్లో అనుకుంటూనే వుంటాం. ఈ మాటల్లో నిజమెంత, అలవాటుగా అనేసేది ఎంత? అది తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే, కాలం మీద నెపం పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళడం వాయిదా వేసుకునే వాళ్ళు మనలో చాలామంది వున్నారు.

మొదట పొద్దు సంగతి చూద్దాం. హైదరాబాదులో జూన్ 21 ప్రాంతంలో పగలు 13 గంటలు దాటి మరో పది నిమిషాలుంటుంది. డిసెంబరు 22 ప్రాంతంలో 11 గంటలు, ఆ పైన కొద్ది నిమిషాలు. అంటే ఏడాది మొత్తంలో తేడా రెండు గంటలు పైచిలుకు మాత్రమే. ఉత్తర ఫిన్లాండులో ఔలు అనే వూరుంది. అక్కడ వేసవిలో పగలు 22 గంటలు, నడిశీతాకాలంలో మూడున్నర గంటలు! అక్కడి ఇల్లాలికి కడవ కడగడానికి కాదు గదా, కడవ వెతుక్కోవడానికే పొద్దు చాలదు. ఈ తేడా మనసులో పెట్టుకోండి. తరువాత దీనితో పనుంది.

ప్రకృతిలో చాలా జీవులు పొద్దు పొడుగును బట్టే తమ కాలాన్ని నిర్ణయించుకుంటాయి. మన పెరట్లో చామంతినే చూడండి. ఎంత ఎరువు వేసినా, ఎన్ని నీళ్ళు పోసినా వేసవిలో మొగ్గ తొడగదు. రాత్రులు పొడుగయ్యాకే పూస్తుంది. పగటి పొడుగుకీ పూతకీ వున్న ఈ సంబంధాన్ని అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1920లో ప్రకటించారు. కోళ్ళఫారాల వాళ్ళు రాత్రిపూట బల్బులు ఎందుకు వెలిగిస్తారనుకున్నారు? రోజుకు 16 గంటల వెలుతురు వుంటే కోడి గుడ్లు బాగా పెడుతుంది. ఆ వెలుతురే దాని అండాశయానికి పిలుపు.

చలిదేశాల్లో గొర్రెలు పగళ్ళు తగ్గుతుంటే ఎదకొస్తాయి, గుర్రాలు పగళ్ళు పెరుగుతుంటే ఎదకొస్తాయి. ఒకటి ఐదు నెలలు మోస్తుంది, ఒకటి పదకొండు నెలలు. లెక్క వేసి చూడండి, రెండింటికీ పిల్ల పుట్టేది పచ్చగడ్డి మొలిచే వసంతంలోనే! మన గేదె సంగతి మీకు తెలిసిందే. వేసవిలో సరిగా ఎదకు రాదు, వచ్చినా పైకి కనపడదు. పగళ్ళు తగ్గి చల్లబడ్డాక కడుతుంది, పది నెలలు మోసి వానాకాలం నుంచి చలికాలం మధ్య ఈనుతుంది. వేసవిలో పాలకు కటకట రావడానికి మేత కరువు, ఎండ వేడిమితో పాటు ఇదీ ఒక కారణమే.

సరే, కడుపులో వున్న అండాశయానికి బయట పొద్దు సంగతి ఎవరు చెబుతారు? ఈ కథ మన కంటి దగ్గర మొదలవుతుంది.

కంటి వెనుక పొరలో మనకు చూపునిచ్చే కణాలు కాక, వెలుతురు ఎంత వుందో మాత్రమే కొలిచే కణాలు మరికొన్ని వున్నాయి. ఇవి వున్నాయన్న సంగతి 2000 తరువాతే స్పష్టంగా తెలిసింది. చూపు పూర్తిగా పోయిన వాళ్ళలో కొందరికి కూడా ఇవి పనిచేస్తూనే వుంటాయి. ఈ కణాలు మెదడు అడుగుభాగంలో వున్న ఒక చిన్న గడియారానికి కబురు పంపుతాయి. గడియారం అంటే నిజం గడియారం కాదు లెండి, కొన్ని వేల నరాల కణాల గుంపు. అది ఆ కబురును మెదడు మధ్యలో బఠాణీ గింజ కంటే చిన్నదిగా వుండే పీనియల్ గ్రంథికి అందజేస్తుంది. చీకటి పడగానే ఈ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. తెల్లవారగానే ఆపేస్తుంది. రాత్రి పొడుగైతే మెలటోనిన్ ఎక్కువసేపు వూరుతుంది, రాత్రి కురచైతే తక్కువసేపు. గొర్రెకైనా, గేదెకైనా ఇదే పంచాంగం!

మెలటోనిన్‌ను మొదట వేరు చేసింది అమెరికాలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు, 1958లో. ఆయన చర్మం రంగు గురించి పరిశోధిస్తూ పశువుల పీనియల్ గ్రంథుల్లోంచి దీన్ని తీశాడు. మనుషుల్లో కూడా రాత్రిపూట గట్టి వెలుతురు పెడితే మెలటోనిన్ అణిగిపోతుందని 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం నిరూపించింది.

ఇక నెలసరి నడిపించే హార్మోనుల సంగతి. దీన్ని ఒక ఉమ్మడి కుటుంబంగా వూహించుకోండి. పెద్దత్తగారు హైపోథాలమస్. ఆవిడ మెదడు అడుగున కూర్చుని గంటకో గంటన్నరకో ఒకసారి చిన్న ఆజ్ఞ జారీ చేస్తుంటుంది. దాన్ని అందుకునే పెద్దకోడలు పీయూష గ్రంథి. ఈవిడ రెండు హార్మోనులు పంపుతుంది. వాటిని ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అంటారు. మొదటిది అండాన్ని పెంచుతుంది, రెండోది పక్వమైన అండాన్ని విడుదల చేయిస్తుంది. ఆ ఆజ్ఞల ప్రకారం అండాశయం ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ తయారుచేసి గర్భాశయాన్ని సిద్ధపరుస్తుంది. గర్భం రాకపోతే ఆ పొర రాలిపోతుంది. అదే నెలసరి. పెద్దత్తగారి ఆజ్ఞలు క్రమంగా రాకపోతే కింద వాళ్ళందరి పనీ అస్తవ్యస్తమే కదా!

ఆ ఆజ్ఞ ఫలానా హార్మోను అని 1971లో కనిపెట్టిన గిల్లెమిన్, షాలీ అనే ఇద్దరికి 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే బహుమతిలో సగభాగం రోజలిన్ యాలో అనే ఆమెకు దక్కింది. రక్తంలో అణువంత వున్న హార్మోనును కూడా కొలిచే పద్ధతిని ఆమె తన సహచరుడు బెర్సన్‌తో కలిసి కనిపెట్టారు. ఇద్దరు పిల్లల తల్లి ఆమె. ఈనాడు లేబరేటరీలో థైరాయిడ్ పరీక్ష, హార్మోను పరీక్ష చేయించుకునే ప్రతి ఆడదీ ఆమెకు ఎంతో కొంత రుణపడి వుంది.

పొద్దు కబురును పెద్దత్తగారి చెవిన వేసే మధ్యవర్తి కూడా ఈమధ్య దొరికింది. దాని పేరు కిస్‌పెప్టిన్. 1996లో అమెరికాలో హెర్షీ అనే చాకొలెట్ల వూళ్ళో ఇది బయటపడింది. అక్కడ 'కిస్' అనే చాకొలెట్టు ప్రసిద్ధి కనుక ఆ పేరు పెట్టారట. ఈ కబురు అందని పిల్లలు పెద్దమనుషులు కారని 2003లో తెలిసింది. గొర్రెల్లో పగళ్ళు మారినప్పుడు హెచ్చుతగ్గులయ్యేది కూడా ఈ కిస్‌పెప్టినే.

గొర్రెలూ, గేదెల మాట సరే. మరి మనమో?

1891-92లో గ్రీన్లాండు వెళ్ళిన పియరీ యాత్రలో ఫ్రెడరిక్ కుక్ అనే వైద్యుడున్నాడు. నెలల తరబడి సూర్యుడు కనపడని ఆ చీకటి కాలంలో అక్కడి స్త్రీలలో చాలామందికి ముట్టు ఆగిపోతుందని ఆయన రాశాడు. ఇది తరువాత చాలా పుస్తకాలకెక్కింది. అయితే తొందరపడి నమ్మకూడదు సుమండీ! ఆ చీకటి కాలం ఆహారం కరువైన కాలం కూడాను. అర్ధాకలితో వుంటే ఎక్కడి ఆడవాళ్ళకైనా నెలసరి ఆగుతుంది. అది చీకటి పనో, ఆకలి పనో ఎలా తేల్చడం?

తరువాత వచ్చిన పరిశోధనలు కాస్త గట్టివి. ఇందాక చెప్పిన ఔలు వూరి పరిశోధకులు 1987లో ఒక అధ్యయనం ప్రచురించారు. చీకటి నెలల్లో స్త్రీలలో మెలటోనిన్ పెరగడం, అండాశయం చురుకు తగ్గడం వారు గమనించారు. రష్యాలో నొవొసిబిర్స్క్ పరిశోధకులు 2011లో ప్రచురించిన దాని ప్రకారం, వేసవిలో నూటికి 97 నెలసరుల్లో అండం విడుదలైతే, చలికాలంలో 71 నెలసరుల్లోనే అయింది. నెల లెక్క వేసవిలో దాదాపు ఒక రోజు కురచైంది. వాళ్ళే 2007లో మరొకటి చేశారు. నెల కొంచెం ఆలస్యంగా వచ్చే 22 మంది స్త్రీలను వారం రోజులపాటు పొద్దున్న లేవగానే 45 నిమిషాలు గట్టి వెలుతురు ముందు కూర్చోబెడితే, వాళ్ళ ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. పెరిగి, ఎక్కువ మందికి అండం విడుదలైంది. మరీ చిన్న ప్రయోగం. అయినా ఆలోచింపజేసేది.

ఇంకో విడ్డూరం. ఇజ్రాయెల్‌లో వైజ్‌మన్ సంస్థ వారు లక్షలాది మంది రక్తపరీక్షల లెక్కలు పరిశీలించి 2021లో ఒక ఫలితం చెప్పారు. పీయూష గ్రంథి హార్మోనులు వేసవి చివర ఎక్కువగా వుంటే, ఈస్ట్రోజెన్ లాంటివి చలికాలంలో, వసంతంలో ఎక్కువట! పెద్దకోడలు గట్టిగా అరిచే కాలం ఒకటి, ఇంట్లో పని ఎక్కువ జరిగే కాలం ఇంకొకటి అన్నమాట. అయితే ఆ హెచ్చుతగ్గులు నూటికి అయిదు ప్రాంతంలోనే. అంటే ఆరోగ్యంగా వున్న మనిషికి పైకి తెలిసేంత తేడా కాదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఏడాదికి పద్ధెనిమిది గంటల తేడా వున్న ఔలులోనే ఫలితం ఆ కాస్త అయితే, రెండు గంటల తేడా వున్న మన దగ్గర ఎంతుంటుంది? పైగా పొద్దు పోగానే మనం ట్యూబులైట్లు వేసుకుంటాం. కనుక మన తెలుగునాట "చలికాలం పొద్దు వల్ల నెల తప్పింది" అనడానికి ఆధారం లేదు. మన దగ్గర కాలం ప్రభావం వున్నా, అది వేడి రూపంలో, తిండి రూపంలో, నిద్ర రూపంలో వస్తుంది. నడివేసవిలో నిద్రలు సరిగా వుండవు. పరీక్షల నెలల్లో ఆడపిల్లలు రాత్రి రెండింటి దాకా చదువుతారు. కార్తీకంలో ఉపవాసాలు. పెళ్ళిళ్ళ కాలంలో ప్రయాణాలు. వీటికి ఒకటి రెండు నెలలు ముందు వెనకలు కావడం వింతేమీ కాదు.

పిల్లలు పుట్టే కాలం కూడా ఇంతే. ఆషాఢంలో కొత్త కోడలిని పుట్టింటికి పంపే ఆచారం మనకుంది. ఆషాఢంలో కడుపు పండితే ఎండలు ముదిరే రోజుల్లో కాన్పు వస్తుందని పెద్దలు చెప్పే కారణం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కూడా మండువేసవి గడిచిన తొమ్మిది నెలలకు జననాలు తగ్గడం పరిశోధకులు గమనించారు. వేడి, పెళ్ళి ముహూర్తాలు, పంట చేతికొచ్చి తీరిక దొరకడం, ఇవన్నీ పొద్దు కంటే పెద్ద కారణాలు.

అయితే వెలుతురు సంగతి వదిలేయవచ్చా? వదలకూడదు. మనకు ఇబ్బంది ఋతువుల పొద్దుతో కాదు, మనమే తయారుచేసుకున్న పొద్దుతో. అమెరికాలో థామస్ వెహర్ బృందం 1990 దశకంలో ఒక సంగతి గమనించింది. దీపాల మధ్య బతికే నగరాల్లో కూడా ఆడవాళ్ళ ఒంట్లో చలికాలం రాత్రికీ వేసవి రాత్రికీ మెలటోనిన్‌లో తేడా కనిపించింది. మగవాళ్ళలో కనిపించలేదు. మన ఒళ్ళు వెలుతురును జాగ్రత్తగా వింటోంది అన్నమాట! అలాంటి ఒంటికి రాత్రి పదకొండింటికి పక్కలో సెల్‌ఫోను వెలుతురు చూపిస్తే అది ఏమనుకోవాలి? ఇంకా పొద్దు పోలేదనే కదూ?

రాత్రి డ్యూటీలు చేసే నర్సులలో నెలసరి క్రమం తప్పడం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం 2007లో రాత్రి షిఫ్టు ఉద్యోగాన్ని "కాన్సరుకు బహుశా కారణం కాగల" వాటి జాబితాలో చేర్చింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ ఇంట్లో రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి వుంటే, పగలు ఆమె నిద్రపోయే గదికి ముదురు రంగు పరదా కట్టండి. ఆ సమయంలో కుక్కరు విజిల్సూ, చుట్టాల ఫోనులూ తప్పించండి. అదే పెద్ద ఉపకారం.

అసలు ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను. కాలం మీద నెపం ఎప్పుడు పెట్టకూడదు?

నెలసరి 21 రోజుల నుంచి 35 రోజుల లోపు వస్తుంటే సాధారణంగా కంగారు పడనక్కరలేదు. కొత్తగా పెద్దమనిషైన పిల్లలకు మొదటి రెండు మూడేళ్ళు ఇంకాస్త అటూ ఇటూ అవుతుంది. కానీ మూడు నెలలు వరసగా రాకపోయినా, ఏడు రోజులు దాటి ఆగకపోయినా, గంటకో గుడ్డ మార్చవలసినంత ఎక్కువ పోతున్నా, పదిహేనేళ్ళు నిండినా పిల్ల పెద్దమనిషి కాకపోయినా "ఎండలు తగ్గాక చూద్దాంలే" అనకండి. థైరాయిడ్ కావచ్చు, పీసీఓఎస్ కావచ్చు, గర్భాశయంలో గడ్డ కావచ్చు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఎక్కువ రక్తం పోతున్నా సర్దుకుపోయే మన అలవాటుకు ఇందులో వాటా లేదంటారా? ఇక నెలసరి ఆగిపోయి ఏడాది దాటిన పెద్దవాళ్ళకు మళ్ళీ కొంచెం కనపడినా సరే, అది వేడి చేయడం కాదు. వెంటనే చూపించుకోవాలి. అత్తగారైనా, అమ్మగారైనా సిగ్గుపడి దాచుకోకుండా కోడళ్ళు, కూతుళ్ళు చనువుగా అడగండి.

ఇంకొకటి. శ్రావణ మాసం, కార్తీక మాసం వస్తే వ్రతానికి అడ్డం రాకూడదని మందుల షాపులో బిళ్ళలు కొని మింగడం మన ఇళ్ళల్లో మామూలైపోయింది. పక్కింటి పిన్నిగారు వాడారని మనమూ వాడేస్తాం. ఆ బిళ్ళలో వుండేది కూడా హార్మోనే. రక్తం గడ్డకట్టే జబ్బు వున్నవాళ్ళకు, కాలేయం జబ్బు వున్నవాళ్ళకు అది ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. రక్తపోటు, తీవ్రమైన పార్శ్వపు తలనొప్పి వున్నవాళ్ళు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. కడుపుతో వున్నామేమో తెలియకుండా మింగకూడదు. డాక్టరు చీటీ లేకుండా వాడకండి. వరలక్ష్మీ వ్రతం రెండో శుక్రవారం కుదరకపోతే తరువాతి శుక్రవారం చేసుకునే వెసులుబాటు మన పెద్దలే ఇచ్చారు కదా!

చివరగా, ఖర్చు లేని పనులు మూడు చెబుతాను.

ఒకటి, పొద్దున్న లేచిన గంటలోపు అరగంట ఆరుబయట గడపండి. ముగ్గు వేసేటప్పుడో, డాబా మీద మొక్కలకు నీళ్ళు పోసేటప్పుడో, పిల్లవాణ్ణి స్కూలు బస్సు ఎక్కించేటప్పుడో. ఇంట్లో ట్యూబులైటు వెలుతురు కొన్ని వందల లక్స్ అయితే, బయట నీడలో కూడా అది వేలల్లో వుంటుంది. ఫ్లాటులో వుండేవాళ్ళు కనీసం బాల్కనీలో నిలబడి కాఫీ తాగండి. అయితే ఈ ఉదయపు వెలుతురు ఒంటి గడియారానికే. డి విటమిన్ కావాలంటే పదిన్నర తరువాత ఎండ కాస్త ఒంటికి తగలాలి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వారు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పల్లెల వాళ్ళకంటే పట్నం వాళ్ళలో డి విటమిన్ తక్కువగా వున్నట్లు తేలింది. ఇంత ఎండ కాసే దేశంలో వుండి కూడా!

రెండు, రాత్రి పడుకునే ముందు గంటసేపు పెద్ద లైట్లు ఆర్పి చిన్న దీపం వుంచుకోండి. ఫోను పక్కగదిలో పెట్టండి. పిల్లలకు చెప్పే ముందు మనం పెట్టాలి, అదే కష్టం.

మూడు, గోడకున్న క్యాలెండరులో నెలసరి మొదటి రోజున చిన్న చుక్క పెట్టుకోండి. పాలవాడి లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ రాసుకునే మనం మన ఒంటి లెక్క ఎందుకు రాసుకోం? ఒక ఏడాది అలా రాస్తే మీకే తెలుస్తుంది, ఎండకు ముందు వస్తోందా, చలికి వెనకబడుతోందా, లేక ఏ కాలమైనా ఒకటేనా అని. డాక్టరు దగ్గరకు వెళ్ళవలసి వస్తే "ఎప్పుడు వచ్చిందమ్మా?" అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలుగుతారు. సగం వైద్యం అక్కడే జరుగుతుంది.

పొద్దు పెరగడం, తగ్గడం మన చేతిలో లేదు. ఆ పొద్దులో మనకంటూ ఒక అరగంట తీసుకోవడం, మన లెక్క మనం రాసుకోవడం మన చేతిలోనే వున్నాయి. ఈ రోజే క్యాలెండరు పక్కన ఒక పెన్సిలు వేలాడదీయండి.